997 పక్కన ఖాళీ గడి

ఇవాళ మధ్యాహ్నం అన్నం బెల్లు అయిపోయి పిల్లలు మళ్ళీ బెంచీల్లో సర్దుకుంటుండగా కరెంటు పోయింది. సిరిసిల్లలో కరెంటు పోతే ముందు తెలిసేది కంటికి కాదు, చెవికి. మా బడి వెనక గోడ అవతల మరమగ్గాల షెడ్లున్నాయి; ఇక్కడివాళ్ళు వాటిని సాంచెలంటారు. పొద్దస్తమానం వాటి టకటక మీదుగా గొంతు చించుకుని పాఠం చెప్పడం నాకు అలవాటైపోయింది. సెలవు రోజుల్లో ఇంట్లో కూడా అరిచి మాట్లాడుతున్నానని పక్కింటివాళ్ళు నవ్వుతారు. ఆ చప్పుడంతా ఒక్కసారి ఆగిపోయింది. ఆగేసరికి, మూడో బెంచీలో ఒక పిల్ల మొద్దుబారిన పెన్సిల్‌తో భాగహారం చేస్తున్న గరగర వినిపించింది. చాక్‌పీసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "మేడం, ఏమైంది?" అని ఆ పిల్లే అడిగింది. ఏం కాలేదన్నాను. కోరుట్లలో మెట్ల కింద గద్దె మీద కూర్చుని, ముక్కు కాగితానికి ఆనేంతగా వంగి, ఇలాంటి మొద్దు పెన్సిల్‌తోనే లెక్కలు చేసే రాజేశం సారు గుర్తొచ్చారని ఆ పిల్లకు ఏమని చెప్పను?

మీరెవరూ ఆయనను చూసి ఉండరు. చూసినా గుర్తు పెట్టుకునేంత ప్రత్యేకమైన మనిషి కాదు. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దగ్గర పలచబడిన తెల్ల చొక్కాతో ఉండేవారు. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరై పదేళ్ళు దాటింది. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. నేను ఆయనను కలిసేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. పెళ్ళయిన నాలుగో నెలలో మా ఆయన మస్కట్ వెళ్ళిపోయాడు. అత్తమ్మ ఊళ్ళో బావగారి దగ్గర ఉండేది. నేను కోరుట్ల బస్టాండు దగ్గర గల్ఫ్ టికెట్లు చేసే ఒక ఆఫీసులో పనికి కుదిరి, పైన ఒక గది అద్దెకు తీసుకున్నాను. కింద ఒక వైపు ఓనరమ్మ, ఒక వైపు సారు. పగలంతా ఎవరెవరి మొగుళ్ళనో విమానం ఎక్కించే పని, సాయంత్రం వచ్చి ఒక్కదాన్నే వండుకుని తినే పని. బీఎస్సీ లెక్కలతో పాసయ్యానన్న సంగతి నాకే గుర్తుండేది కాదు. ఆ రోజుల్లో నాకు ఎంత ఒంటరిగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు. చెప్పేవాళ్ళుంటే ఒంటరితనం ఎందుకవుతుంది?

ఒక పొద్దున నీళ్ళ బిందె కోసం కిందికి దిగితే సారు గద్దె మీద కూర్చుని తనలో తాను లెక్కపెడుతున్నారు. "లాభం, రెండు, మూడు, ఐదు, ఆరున్నొకటి, పదకొండు, పదమూడు..." గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకుండా లాభం అనడం, ఏడు అనకుండా ఆరున్నొకటి అనడం మా అమ్మమ్మ దగ్గర విన్నదే. కానీ నాలుగు, ఆరు, ఎనిమిది ఎటు పోయాయి? బిందె కింద పెట్టాను. తనతోనూ ఒకటితోనూ తప్ప ఇంకెవరితోనూ శేషం లేకుండా భాగింపబడని అంకెలనే ఆయన ఏరుతున్నారు. ప్రధాన సంఖ్యలు. కాలేజీలో నేను కొంచెం నోరున్న పిల్లను. ఆ నోరు చాలా నెలల తర్వాత లేచింది.

"సార్, ఒకటి ప్రధాన సంఖ్య కాదు గదా. ఎందుకు కలుపుతున్నరు?"

ఆయన తలెత్తి నన్ను కిందికీ పైకీ చూశారు. "ఒకటి అన్ననా నేను? లాభం అన్న. లాభం లెక్కల రాదు బిడ్డా." ఆ తర్వాత గద్దె మీద కాస్త పక్కకు జరిగారు. "చదువుకున్నట్టున్నవ్. గిటు రా, కూసో."

నా నీళ్ళు ఆ రోజు ఓనరమ్మే పట్టింది. ఆమెకు సారంటే జాలి, దాంతో పాటు కొంచెం భయం. "గా లెక్కల పిచ్చి నీకు అంటుకుంటది, సూసుకో" అని నన్ను హెచ్చరించింది కూడా. అంటుకుంది, ఆమె మాట నిజమే.

ఆ రోజు ఆయన చూపించింది ఒక పొడుగాటి నోటుబుక్కు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఒకే ఒక సంఖ్య: 73939133. "ఇది ప్రధాన సంఖ్యనే. నమ్ముతవా?" అన్నారు. నమ్ముతానన్నాను. "గట్ల ఊకెనే నమ్మద్దు. నేను ఒక్కొక్కదానితోటి భాగించి చూసిన, వెయ్యి మీదికెల్లి అయినయ్ భాగారాలు. సరే, ఇగ ఇది సూడు." కుడిచేతి బొటనవేలితో చివరి మూడును మూశారు. 7393913 మిగిలింది. అదీ ప్రధాన సంఖ్యే. ఇంకో అంకె మూశారు. 739391. అదీ అంతే. 73939. 7393. 739. 73. చివరికి వేళ్ళన్నీ వరసగా పడుకుని, ఎడమ చివర ఒక్క ఏడు మాత్రం కనిపిస్తోంది. అదీ ప్రధాన సంఖ్యే. "ఎన్ని తీసేసినా మిగిలింది మిగిలినట్టే ఉంటది. ఎవ్వలికి లొంగది" అన్నారు. చెయ్యి తీయకుండా ఆ ఏడును చాలాసేపు చూశారు. మనుషులు అంకెల్లో తమను తాము చూసుకోవడం నాకు నచ్చదు, ఆయన కూడా ఎన్నడూ ఆ పని చేయలేదు. తర్వాత ఆయన సంగతులు తెలిశాక, ఆ చెయ్యి కింద భార్యా, అన్నా, ఆయన విడిచి వచ్చిన సిరిసిల్లా కనబడింది నాకే.

ఆ సంఖ్యను ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. బీర్పూర్‌లో పనిచేసేటప్పుడు భార్య పోయిన ఏడాది, ఇంట్లో గోడలు మీద పడుతున్నట్టుంటే, ఒక ఏడు రాసి దాని పక్కన ఏ అంకె పెడితే నిలబడుతుందా అని చూడడం మొదలుపెట్టారట. నిలబడని అంకెను కొట్టేసి ఇంకొకటి పెట్టడం. దారులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోయి ఈ ఒక్కటే ఇంత దూరం వచ్చింది. ఎనిమిది అంకెలకు ఆయనకు ఎన్నేళ్ళు పట్టాయో అడిగితే, "ట్రాన్స్‌ఫర్లు మూడయినయ్" అని చెప్పారు. ఏడుతోనే ఎందుకు మొదలుపెట్టారంటే, "దాన్ని మనోళ్ళు పేరు వెట్టి గూడ పిలువరు. పాపం అనిపిచ్చింది" అన్నారు.

ఇప్పుడు ఆయన ముందున్న ప్రశ్న ఒక్కటే. 73939133 పక్కన ఇంకో అంకె నిలబడుతుందా? సరి అంకె పెడితే రెండుకు పడిపోతుంది, శేషం మిగలదు. ఐదు పెడితే ఐదుకు పడుతుంది. ఒకటి పెట్టినా ఏడు పెట్టినా అంకెలన్నీ కూడి చూస్తే మూడుకు పడిపోతాయని చూడగానే తెలిసిపోతుంది. మూడు పెడితే కొంత దూరం నడిచింది; నూట ఇరవై ఏడు దగ్గర శేషం సున్నా వచ్చింది. ఇక మిగిలింది తొమ్మిది. 739391339. దీన్ని తేల్చాలంటే ఇరవై ఏడు వేల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించి చూడాలి. దాదాపు మూడు వేల భాగహారాలు. రోజుకు ఒక్కటి, చాయ్ తాగినాక, గద్దె మీద. లెక్క కట్టి చూసుకున్నారట, ఎనిమిదేళ్ళు పడుతుంది. ఆయనకప్పటికి డెబ్భై దగ్గర పడుతున్నాయి. "నిలవడాలె బిడ్డా. ఇంత దూరం అచ్చినంక దానికి ఒక తోడు దొరకాలె" అని, ఎవరి పెళ్ళి సంబంధం గురించో మాట్లాడినట్టు చెప్పారు. నాకు నవ్వొచ్చింది. కంప్యూటర్‌తో అయితే సెకను పని కదా అని నోటిదాకా వచ్చింది కూడా, కానీ ఆ పెన్సిల్ పట్టుకున్న వేళ్ళను చూసి ఊరుకున్నాను.

పొద్దున పావుగంట గద్దె మీద కూర్చోవడం అలవాటైంది. ఆయన భాగిస్తుంటే నేను చాయ్ తాగుతూ చూసేదాన్ని. మాటలు తక్కువ. చివరికి శేషం రాగానే దాని చుట్టూ చిన్న సున్నా చుట్టి, "మిగిలింది" అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూడాలి. అప్పుడప్పుడు సిరిసిల్ల సంగతులు చెప్పేవారు. ఇరవై రెండేళ్ళ దాకా ఆయన అక్కడ వైపని, అంటే పోగులు అతికే పని, చేశారు. సాంచె మీద నూలు చుట్టి ఉండే పాత బీము అయిపోయి కొత్త బీము ఎక్కించేటప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. "మా అన్న పోగందిస్తుండె, నేను అతుకుతుంటి. ఆఖరుకు ఒక్క పోగు మిగిలిందనుకో, నడుమ ఏడనో తప్పు జరిగినట్టు. మల్ల మొదటికెల్లి ఎతకాలె. తిట్లు వడుతుండె. గా పనిల మిగిలితే తిట్లు, గీ పనిల మిగిలితే సంబురం" అని నవ్వేవారు.

ఒక మూడు రోజులు గద్దె ఖాళీగా ఉంది. ఊరెళ్ళారేమో అనుకున్నాను. మూడో రోజు ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. "సారు తలుపు తీస్తలేడు, పాలు తీసుకుంటలేడు. నీ మాటైతే ఇంటడు, జర పో." వెళ్ళి తలుపు కొట్టాను. తీశారు. గడ్డం మాసి ఉంది. గదిలో మంచం, ఒక కుర్చీ, కిటికీలో ఎండిన చాయ్ గ్లాసు. నోటుబుక్కు నేల మీద పడి ఉంది.

"ఏమైంది సార్? జరం అచ్చిందా?"

"పడిపోయింది బిడ్డా. ఎనభై మూడుకే పడిపోయింది. ఎనిమిదేండ్లనుకున్న, నెల గూడ కాలే." ఆయన మంచం అంచున కూర్చున్నారు. "ఇగ చేసేది ఏం లేదు."

నేను అలాంటి మాట ఎంతమంది నోటో విన్నాను, టికెట్ల ఆఫీసులో వీసా రాలేదని తెలిసిన రోజు. కానీ ఒక భాగహారం గురించి ఎవరైనా అలా అనగా వినలేదు. ఏదో ఒకటి తినమని చెప్పి పైకి వచ్చాను. వచ్చి, నా గదిలో మంచం మీద కూర్చుని, ఫోన్ తీసి ఆ సంఖ్య కొట్టాను. ఎందుకు కొట్టానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆయనకంటే నాకు ఎక్కువ తెలియాలన్న పొగరు కూడా కొంత ఉండవచ్చు.

రెప్పపాటులో తెలిసిపోయింది. 739391339 ప్రధాన సంఖ్య కాదు. అంతేకాదు, కుడివైపు నుంచి ఎన్ని అంకెలు తీసినా నిలబడే సంఖ్యల్లో 73939133 అన్నిటికంటే పెద్దదనీ, దాని పక్కన ఏ అంకె పెట్టినా నిలవదనీ లోకానికి ఎప్పుడో తెలుసు. మూడు ట్రాన్స్‌ఫర్ల పాటు ఆయన ఒంటరిగా నడిచిన దారి నా చేతిలో రెండు లైన్లు అయిపోయింది. ఫోన్ బోర్లా పెట్టి కూర్చున్నాను. తర్వాత ఇంకోటి తట్టింది. ఫోన్ చూపించిన కారణాంకాల్లో ఎనభై మూడు లేదు. అంటే ఆయన లెక్క తప్పు. సంఖ్య పడిపోయే మాట నిజమే, కానీ ఎనభై మూడుకు కాదు, ఇంకెక్కడో, దాన్ని దాటి చాలా దూరంలో.

గంటసేపు అలాగే కూర్చున్నాను. రెండు సంగతులూ చెబితే ఆయనకు ఏమీ మిగలదు. ఏదీ చెప్పకపోతే ఆ తప్పులోనే ఉండిపోతారు. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం అబద్ధమా కాదా అని నాతో నేను వాదించుకుని, ఏమీ తేలకుండానే కిందికి దిగాను.

"సార్, ఎనభై మూడుది ఇంకోసారి చేద్దాం."

"చేసిన కదా."

"నా ముందట చెయ్యిండ్రి."

నోటుబుక్కు తెచ్చి పేజీ విప్పాను. చూడగానే కనిపించింది. పైన రాసుకున్న సంఖ్యలో చివర మూడు, మూడు, తొమ్మిది ఉండాలి. ఆయన మూడు, తొమ్మిది రాశారు. ఒక మూడు లేదు. తొమ్మిదంకెల సంఖ్య ఎనిమిదంకెలైంది, ఆ ఎనిమిదంకెల సంఖ్య మాత్రం ఎనభై మూడుకు చక్కగా పడుతుంది. వేలు పెట్టి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన నవ్విన నవ్వు నేను ఎన్నడూ మరిచిపోను.

"అంచు జోడు!" అన్నారు. నాకు అర్థం కాలేదు. "బీము అంచుల పోగులు జోడు జోడు ఉంటయ్ బిడ్డా, బట్ట అంచు గట్టిగుండాలని. రెండు పోగులు ఒక్క తీరుగ అతుకుతం, లెక్కల ఒక్కటే అంటం. గీ రెండు మూళ్ళు కొసకున్నయ్ గదా. నా చెయ్యి జోడు అనుకున్నది." యాభై ఏళ్ళ కింద మానేసిన పని ఆ వేళ్ళకు ఇంకా గుర్తుంది. బడిలో ఎన్ని వేల భాగహారాలు చెప్పి ఉంటారు, ఎన్నిసార్లు పిల్లల తప్పులు దిద్ది ఉంటారు! ఆయన తప్పు మాత్రం మగ్గం నేర్పిన తప్పు.

మళ్ళీ భాగించారు. ముప్పై రెండు మిగిలింది. దాని చుట్టూ సున్నా చుట్టి, ఓనరమ్మకు వినబడేలా "మిగిలింది!" అని కేకేశారు. ఆమె ఏం మిగిలిందో తెలియకుండానే, "అయితే అన్నం తింటవా?" అంది. ఆయన తిన్నారు. నేను పక్కన కూర్చుని చూశాను. సంతోషంగానే ఉంది.

ఆ రోజు నుంచి ఆయన పేజీకి నిలువుగా ఒక గీత గీశారు. ఎడమ గడి ఆయనది, కుడి గడి నాది. ఆయన భాగిస్తారు, నేను వేరే కాగితం మీద అదే భాగహారం చేసి నా శేషం రాయాలి. రెండూ ఒక్కటైతేనే ముందుకు. "పోగందియ్యెటోళ్ళు ఒకరు, అతికెటోళ్ళు ఒకరు ఉండాలె. ఒక్కడే చేస్తే గిట్లనే అయితది" అన్నారు. ఫోన్ చూడనని నాకు నేను ఒట్టు పెట్టుకుని, ప్రతి శేషం చేత్తోనే చేశాను. ఎక్కడ సున్నా వస్తుందో తెలిసి కూడా, రాని చోట చేస్తూ పోవడం మొదట్లో దొంగతనంలా అనిపించేది. పోనుపోను ఆ అనిపించడమే మరుగున పడింది. ఎనభై తొమ్మిది, తొంభై ఏడు, నూట ఒకటి. అన్నింటికీ మిగిలింది.

ఒకరోజు నా గడి చూస్తూ, "నువ్వు టికెట్లు కొట్టుడు బంద్ చెయ్యి" అన్నారు. "తప్పు దొరికినంక తిట్టలే నువ్వు. వేలు వెట్టి సూపెట్టి ఊకున్నవ్. గట్ల ఊకునేటోళ్ళే పంతులైతరు. బీఎడ్ రాయి." మా ఆయనకు ఫోన్‌లో చెబితే, "ఇప్పుడెందుకు?" అన్నాడు, ఆ తర్వాత, "నీ ఇష్టం" అన్నాడు. మా ఫోన్లు అప్పటికే రెండు ముక్కలకు వచ్చాయి. జగిత్యాలలో సీటు వచ్చింది. హాస్టల్లో ఉంటూ ఆదివారం ఆదివారం కోరుట్ల వచ్చేదాన్ని. గది ఖాళీ చేశాను కాబట్టి రావడానికి వేరే కారణం లేదు. బస్సు దిగి నేరుగా గద్దె దగ్గరికే. అలా రోజుకు ఒకటి కాస్తా వారానికి ఒకటో రెండో అయింది. "నీ వల్ల ఎనిమిదేండ్ల పని నలభై ఏండ్లకు పోయింది" అని ఆయన ఫిర్యాదు చేసేవారు, అది ఫిర్యాదులా ఉండేది కాదు.

ఆ తర్వాత సిరిసిల్లలో ఉద్యోగం వచ్చింది. నేను వెళ్ళే రోజు కోరుట్ల బస్టాండుకు వచ్చారు. బస్సు ఆలస్యం. సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. "మా ఊరికే పోతున్నవ్. సాంచెల సప్పుడుకు చెవులు పోతయ్, పైలం" అన్నారు. ఆ తర్వాత నావైపు చూడకుండానే అన్నారు: "అది ఎన్నింటికి పడ్తదో నీకు ఎరుకే గదా."

నేను సంచి కింద పెట్టి ఆయనవైపు తిరిగాను.

"గా దినం నువ్వు పైకి పోయి గంట తర్వాత దిగినవ్. ఎనభై మూడు తప్పని చెప్పినవ్. గని ఇది నిలవడ్తది సార్ అని ఒక్కసారన్న అనలే. ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న. ఆశ వెట్టలే నాకు. గప్పుడే సమజైంది."

"మరి తెలిసి కూడ ఎందుకు చేస్తున్నరు సార్?"

"పడితే పడనియ్యి. గప్పటి దాంక ఆదివారం నువ్వస్తవ్ గదా." చొక్కా చేతితో కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఎన్నింటికో మాత్రం చెప్పకు."

చెప్పలేదు. ఇక్కడా రాయను. కావలసినవాళ్ళు పెన్సిల్ తీసుకుని చేసుకోండి.

సిరిసిల్ల నుంచి ప్రతి ఆదివారం వెళ్ళడం కుదరలేదు. ఫోన్‌లో నడిపాం. ఆయన ఫోన్ చేసి శేషం చెప్పకుండా భాజకం మాత్రం చెప్పేవారు, నేను చేసి నా శేషం చెబితే తన పుస్తకంలో నా గడిలో రాసుకునేవారు. ఒక బుధవారం ఫోన్ చేశారు. "తొమ్మిది వందల తొంభై ఏడు బిడ్డా. దీంతోటి వెయ్యి లోపటియి ఖతం. చేసి చెప్పు." బడిలో పరీక్షలు, పేపర్లు దిద్దే పని. "రేపు చేస్తా సార్" అన్నాను. గురువారం చేయలేదు. శుక్రవారం గుర్తొచ్చింది, ఆదివారం తీరిగ్గా చేద్దామనుకున్నాను. శనివారం పొద్దున ఓనరమ్మ ఫోన్ చేసింది. గద్దె మీద కూర్చుని చాయ్ తాగుతూనే పక్కకు ఒరిగిపోయారట. ఆమె ఏడుస్తూ మళ్ళీ మళ్ళీ ఒకటే మాట చెప్పింది, చాయ్ సగం అట్లనే ఉన్నదని.

వెళ్ళాను. దూరపు చుట్టాలు ఇద్దరు వచ్చి అంతా చూసుకున్నారు. నేను ఎవరినని ఎవరూ అడగలేదు, అడిగితే ఏం చెప్పేదాన్నో కూడా తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు ఓనరమ్మ నోటుబుక్కు తెచ్చి చేతిలో పెట్టింది. అట్ట మీద నా పేరు రాసి ఉంది, పెన్సిల్‌తో, ఆయన రాతే. బస్సులో చివరి పేజీ తీశాను. 997. ఎడమ గడిలో శేషం ఉంది, కానీ దాని మీద ఒక కాగితం ముక్క అంటించి ఉంది. నేను చేయకముందే చూస్తానని అనుమానం కాబోలు. కుడి గడి ఖాళీ. ఆ ఖాళీని చూడలేక పుస్తకం మూసేశాను. ఐదు నిమిషాల పని. నేను ఎంతమందికో చెబుతాను, రేపటికి వదలొద్దని. నాకు నేను చెప్పుకోలేకపోయాను. ఈ మాట ఎన్నిసార్లు రాసినా నా తప్పు తగ్గదు. ఆ పుస్తకాన్ని బీరువాలో చీరల కింద పెట్టి, రెండేళ్ళు తియ్యలేదు.

ఇవాళ బడి అయ్యాక నేరుగా ఇంటికి వచ్చాను. కరెంటు ఇంకా రాలేదు, వీధి వీధంతా చప్పుడు లేకుండా ఉంది. కిటికీ దగ్గర ఎండ ఇంకా ఉండగానే బీరువా తీసి పుస్తకం బయటికి తెచ్చాను. పెన్సిల్ చెక్కలేదు, మొద్దుదే తీసుకున్నాను. సంఖ్యను ఒక్కో అంకే పైకి చదువుతూ రాశాను, రెండు మూళ్ళూ ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నాను. 739391339ని 997తో భాగించాను. మధ్యలో ఒకచోట కొట్టేసి మళ్ళీ రాశాను. నూట ఎనభై ఏడు వచ్చింది. కుడి గడిలో రాశాను. అప్పుడు ఎడమ గడి మీది కాగితం ముక్కను గోటితో మెల్లగా ఊడదీశాను. నూట ఎనభై ఏడు. చుట్టూ సున్నా చుట్టి ఉంది.

కింద కొత్త వరస గీసి 1009 అని రాసి పెట్టాను. రేపటిది. ఎడమ గడి కూడా ఇక నాదే, కుడి గడికి ఎవరు దొరుకుతారో చూడాలి. ఆ మూడో బెంచీ పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్లకు ఏమీ చెప్పను, అడిగితే సారులా కాస్త పక్కకు జరుగుతాను.

అంతలో కరెంటు వచ్చింది. వీధి చివర ఒక సాంచె మొదలై, దాని వెనకే మిగతావన్నీ అందుకున్నాయి. "మిగిలింది సార్" అన్నాను పైకే. ఆ చప్పుడులో నా మాట నాకే వినబడలేదు. ఇంకోసారి, పాఠం చెప్పే గొంతుతో, గట్టిగా అన్నాను.